దొర నాటలేదు, మనవాళ్లే మోశారు



సంఘాలన్నీ దొరలే నాటారని మనకు చెప్తుంటారు. ఒంగోలు చూద్దాం. 1867 జనవరి 1న అక్కడి బాప్టిస్టు సంఘంలో ఉన్నది ఎనిమిది మందే. దాన్ని గూడెం గూడేనికి మోసింది ఎవరు? తోళ్ల బేరం చేసుకునే మాదిగ యర్రగుంట్ల పేరయ్య, ఆయనలాంటి మన బోధకులు. కాలినడకన చుట్టాల ఇళ్లకు పోయి చెప్పారు.

1876–78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి జనానికి కూలి చూపాడు. కూటికోసం కలిశారన్న మాట పడగూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది మన తెలుగు బోధకులే.

చుట్టరికం దారిన నడిచింది గనుకే అంత వేగంగా పెరిగింది. ఆ దారినే చాలాచోట్ల మాల సంఘం, మాదిగ సంఘం అని గోడా లేచింది.

కాబట్టి కొత్త సంఘం పెట్టేవాళ్లకు మేం చెప్పేది మూడే మాటలు. బయటి డబ్బుతో కాదు, ఇంటింటి పిడికెడు బియ్యంతో మొదలుపెట్టండి. లెక్కల పుస్తకం ఆడవాళ్లతో సహా అందరి ముందూ విప్పండి. మొదటి కూడికకే పక్క గూడెంవాళ్లను పిలిచి, ఒకే బంతిలో కూర్చుని తినండి. తనవాళ్ల చేతిలో ఉన్న సంఘమే ఇంకో సంఘాన్ని కంటుంది.