గోడల పలుకు – గృహవైద్యము



మా కుమారుడు క్రొత్తయింట స్టీరియో యంత్రమొకటి పెట్టించెను. పెట్టెలు రెండును మంచివే. వెలయు తక్కువది కాదు. కాని పద్యనాటకము పెట్టగా హ్రస్వమేదో దీర్ఘమేదో నాకు తెలియకుండెను. పెక్కేండ్లు ఛందస్సు చెప్పినవాడను. చెవికి ముదిమి వచ్చినదని లోలోపల దిగులుపడి, నా భార్యతో సైతము చెప్పక కొన్నాళ్లు ఊరకుంటిని. ఒకనాడు ఆ పెట్టెలనే వాకిట పందిరిక్రింద ఉంచి పాడింపగా ప్రత్యక్షరము స్పష్టముగా వినబడెను. దోషము చెవిది కాదు, యంత్రముది కాదు; గదిది.

మన పెంకుటిండ్లలో దూలముల సందులు, ధాన్యపు బస్తాలు, నులకమంచములు, పరుపులు ధ్వనిని చాలవఱకు త్రాగివేసెడివి. కాంక్రీటు కప్పు, సిమెంటు గోడ, నున్నని పలకల నేల దానిని బంతివలె తిరుగగొట్టును. సెకనులో నూఱవవంతునకు ధ్వని సుమారు 11 అడుగులు పోవును. కావున పెట్టెనుండి నేరుగా వచ్చిన యక్షరము వెంటనే, గోడను తాకి వచ్చిన అదే యక్షరము మఱల చెవినబడును. అది అణగకముందే నేలయు కప్పును తమ వంతు చేర్చును. ఇట్లు గది హ్రస్వమును దీర్ఘము చేయును!

అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున 1895లో క్రొత్త యుపన్యాసశాలకు ఈ రోగమే పట్టెను. పలికిన మాట 5 సెకనులకు పైగా నిలిచెడిది. వాలెస్ సబైన్ అను యువాచార్యుడు రాత్రులందు వేఱొక నాటకశాలలోని మెత్తలు తెచ్చి పఱచి, ధ్వని ఎంతలో అణగునో లెక్కించెను. మెత్తలు హెచ్చినకొలది అది త్వరగా అణగెను. మనము చేయవలసినవియు మెత్తలే. కాని గోడకు తగిలింపదగినవి.

4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 అంగుళముల లోతు గల కొయ్యచట్రము వడ్రంగిచేత చేయింపుడు. బజారులో రాక్‌వూల్ అనెడు రాతియున్ని పలకలు దొరకిన మేలు; వానిని తాకునపుడు ముక్కునకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండవలెను. దొరకనిచో పాత పరుపులోని దూదిని ఏకించి కూరి, క్రిందికి జాఱకుండ నడుమ కుట్లు వేయుడు. దీపమునకు దూరముగా నుంచుడు. పైన నూలుబట్ట కప్పవలెను. నోరానించి ఊదినచో ఊపిరి ఆవలికి పోవలెను. ఊపిరి పోని బట్టలోనికి ధ్వనియు చక్కగా పోదు. గ్రుడ్ల అట్టలు అంటించుట కొందఱికి వేడుక, ఫలము స్వల్పము.

ఎచ్చట తగిలింపవలెను? మీరు వినుచోట కూర్చుండుడు. మనుమని చేతికి అద్దమిచ్చి ప్రక్కగోడ వెంబడి జరుపుమనుడు. అద్దములో పెట్టె ఎచ్చట కనబడునో అచ్చటనే తగిలింపుడు. గోడకును చట్రమునకును రెండు మూడంగుళముల యెడమున్నచో గుణము హెచ్చును. మృదంగపు లోనాదము మాత్రము దీనికి లొంగదు. దానికి మూలలందు మిక్కిలి దట్టమైన మెత్తలు కావలెను. పొరుగింటి గోలయు దీనిచే ఆగదు. గోడలన్నియు కప్పుట తగదు; గాత్రము నిర్జీవమగును.

మేము ఆఱు చట్రములు పెట్టితిమి. మొన్న పద్యనాటకము సాగుచుండగా నా భార్య వంటయింటినుండి వచ్చి కూర్చుండి, “ఈ పద్యము ఇన్నాళ్లు ఏల పెట్టలేదండీ?” అనెను. ఇన్నాళ్లును పెట్టినది అదియే.