పుట్టింటా లేదు, మెట్టినింటా లేదు: మన ఓటు

(జగిత్యాలలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కోరుట్లలో పుట్టాను. మా అమ్మ బీడీలు చేసి నన్ను చదివించింది. సిరిసిల్లకు కోడలిగా వచ్చాను. 2018 డిసెంబరు 7న అసెంబ్లీ ఎన్నికల్లో గంటన్నర వరుసలో నిలబడితే, ‘నీ పేరు లేదమ్మా, పక్కకు జరుగు’ అన్నారు. కోరుట్లలో అడిగిస్తే, పెళ్లై పోయిందని తీసేశారట. పుట్టింటి జాబితాలో లేను, అత్తగారింటి జాబితాలో లేను. మరి నేను ఏ ఊరి మనిషిని? ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతటా ఇట్లాంటి ఫిర్యాదులు వచ్చాయి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణతో పోయిన ఓటు తిరిగి రాదు కదా!

ఇవాళ ఎక్కడ నలుగురు కూడినా ఓటింగు యంత్రాల మీదే అనుమానం. మళ్లీ కాగితం బ్యాలెట్ కావాలన్న వాదనను 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పంచాయతీ ఎన్నికల్లో మనకు ఇప్పటికీ కాగితం బ్యాలెట్లే. మరి అక్కడ అనుమానం పోయిందా? సర్పంచి పదవిని వేలం పాడి ‘ఏకగ్రీవం’ అంటే పెట్టె దాకా మన ఓటు పోనేపోదు. కాబట్టి యంత్రమా, కాగితమా అన్న దగ్గరే ఆగొద్దు. లెక్క ఎవరి దగ్గరుంది, అడిగితే చూపిస్తారా? అది చూడాలి.

ఈ జిల్లాలోనే ఉన్న ధర్మపురి సంగతి మీకు తెలుసు. 2018లో అక్కడ గెలిచినవారికీ ఓడినవారికీ తేడా 441 ఓట్లు. ఓడినవారు హైకోర్టుకు పోయారు. కోర్టు అడిగిన పత్రాల కోసం 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్‌రూం తెరవబోతే తాళంచెవులు దొరకలేదు. చివరికి కోర్టు ఆదేశంతో తాళం పగలగొట్టారు. లెక్కింపులో తప్పు జరిగిందో లేదో నేను తీర్పు చెప్పడం లేదు. మన పొదుపు సంఘం పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో సభ్యులందరికీ తెలుసు. నియోజకవర్గం ఓట్ల తాళంచెవి ఎక్కడుందో చెప్పలేకపోతే నమ్మకం ఎట్లా కలుగుతుంది?

సిరిసిల్ల జిల్లా వేములవాడది మరో కథ. చెన్నమనేని రమేష్ పౌరసత్వం మీద వివాదం 2009 ఎన్నికతో మొదలైంది. ఆయన జర్మనీ పౌరుడేనని హైకోర్టు చెప్పి 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది 2024 డిసెంబరులో. 2009 నుంచి 2018 దాకా ఆయన నాలుగుసార్లు గెలిచారు. ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. ఓటరుకు మాత్రం పదిహేనేళ్లు పట్టింది.

‘ఎవరు గెలిస్తే మనకేంది’ అన్న మాట ఇట్లాంటి చోటే పుడుతుంది. ఆ మాట అన్నవాళ్లను నేను తప్పుపట్టను. కాని మనం పక్కకు జరిగితే ఆ ఖాళీలో కూర్చునేవాళ్లు ఉన్నారు.

అందుకే మూడు పనులు చేద్దాం. ఒకటి, ముసాయిదా జాబితా రాగానే బీడీ కార్ఖానాలో, సాంచాల వాడలో పేర్లు పైకి చదవాలి. పెళ్లై ఊరు మారిన అమ్మాయి ఫారం 8 పెట్టుకోవాలి. పేరు తీసేసి ఉంటే ఫారం 6 పెట్టాలి. రెండు, మన ఓటు ఇంకెవరో వేసిపోతే ఏడ్చుకుంటూ ఇంటికి రావద్దు. టెండరు ఓటు అడగాలి. అది కాగితం మీద ఇస్తారు. మామూలు లెక్కింపులో కలపరు గాని, తక్కువ తేడా ఉన్నప్పుడు కోర్టులో పనికొస్తుంది. మూడు, పోలింగు ముగిశాక ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన ఫారం 17సి నకలు ఏజెంట్లకు ఇవ్వాలి. మన మూడు చోట్లా మగవాళ్ల కంటే ఆడవాళ్ల ఓట్లే ఎక్కువ. ఏజెంట్ల బల్ల మీద మాత్రం మనం ఎందరం కూర్చున్నాం?

నా పేరు ఎక్కించుకోవడానికి మూడుసార్లు తిరిగాను. 2023లో ఓటు వేశాను. మా వీధిలో ఇంకా నలుగురు కోడళ్ల పేర్లు ఎక్కలేదు. రేపు పొద్దున వాళ్లను వెంటబెట్టుకుని పోతున్నాను. మీరూ మీ వీధిలో చూడండి.