పాత కంప్యూటరుకు ఏ వ్యవస్థ?

ఇటీవల రాజుపాలెములో ఒక మిత్రుని ఇంటికి పోయితిమి. కుమారుని ఇంజనీరింగు చదువునకై పదేండ్ల క్రిందట కొన్న ల్యాప్‌టాప్ ఇప్పుడు కుమార్తె చేతికి వచ్చినది. బాగుచేయించుటకు ప్రొద్దుటూరికి తీసికొనిపోగా, క్రొత్తది కొనుటయే మేలని చెప్పిరట. "ఏం సార్, ఇంక దీన్ని పాతసామాన్లకు ఏసేయాల్సిందేనా?" అని ఆయన అడిగెను. నేడు పెక్కు ఇండ్లలో ఇదే ప్రశ్న.

కంప్యూటరులోని భాగములన్నిటిచేత పని చేయించు మూల కార్యక్రమమునకే ఆపరేటింగ్ సిస్టమని పేరు. 2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతును ముగించినది. ఆ దినమున యంత్రమేమియు ఆగిపోలేదు. కాని లొసుగులను పూడ్చు సవరణలు ఆగిన పిదప దానిపై బ్యాంకు వ్యవహారములు నడపుట, తలుపునకు గడియ లేని ఇంట ధనముంచుట వంటిది. విండోస్ 11 కోరునది 4 జీబీ ర్యామ్ మాత్రమే కాదు, టీపీఎం 2.0 అను భద్రతా ఏర్పాటును, ఆమోదిత జాబితాలోని ప్రాసెసరును గూడ కోరును. 2017కు పూర్వపు ప్రాసెసరులలో చాల భాగము ఆ జాబితాలో లేవు.

మరి దారి యేది? 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ నేడు పలు రూపములలో ఉచితముగా లభించుచున్నది. 4 జీబీ ర్యామ్ ఉన్నచో లినక్స్ మింట్ సుఖముగా నడచును; 2 జీబీయే ఉన్నచో లుబుంటు వంటి తేలికయైనది మేలు. మన సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ కూడ కలదు. వీనిలో యూనికోడ్ తెలుగును వ్రాయవచ్చును, చదువవచ్చును.

అయితే అందరికిని ఇదే మందు కాదు. పెండ్లిపత్రికలు కూర్చు డీటీపీ దుకాణములలో వాడు పేజ్‌మేకరు, అను ఫాంట్లు విండోసునకై చేసినవి. అట్టివారు ఆ పాత యంత్రమును ఇంటర్నెట్టునుండి విడదీసి, కూర్పునకు మాత్రమే వాడుకొనుట క్షేమము.

మార్చుటకు ముందు మూడు పనులు చేయవలెను. మొదట ఫోటోలు, పత్రములు వేరొకచోట భద్రపరచవలెను. పిదప లినక్సును పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, యంత్రమును దానినుండి ప్రారంభించవలెను. స్థాపించుమని మనము చెప్పనంతవరకు లోపలి విండోసు చెక్కుచెదరదు. తుదకు వైఫై, ధ్వని, ప్రింటరు, తెలుగు టైపు పనిచేయునో లేదో పరీక్షించవలెను.

మిత్రుని ఇంట మేమట్లే చేసితిమి. వైఫై అందినది, ప్రింటరు మాత్రము పలుకలేదు. ముద్రణకు అమ్మాయి దుకాణమునకు పోవలసియున్నది. ఆ లోటును ఎరిగియే ఆమె లినక్సును కోరుకొన్నది. ఎద్దుల సత్తువ చూచి బండికి బరువు వేయు రైతువలె, మన యంత్రమేమి మోయగలదో, మనకే పని కావలెనో చూచి వ్యవస్థను ఎన్నుకొనవలెను.