పోపులపెట్టె - ప్రథమ చికిత్స
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



వైద్యశాల లేని ఊరుండవచ్చును గాని పోపులపెట్టె లేని తెలుగిల్లుండదు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయలు, ఇంగువ, పసుపు - ఈ సరకులు కేవలము రుచికొరకే యని తలచువారు ఒకసారి అమరకోశమును విప్పి చూడవలెను. అమరసింహుడు వీనిలో కొన్నింటిని వంటసరకులతోపాటు వైశ్యవర్గములో పేర్కొనెను. అయినను ఆ పేర్లలోనే వైద్యము దాగియున్నది. జీలకర్రకు జరణమని పేరు. అనగా జీర్ణము చేయునది. శొంఠికి మహౌషధమనియు, విశ్వభేషజమనియు పేర్లు. ఇంగువకు బాహ్లీకమని పేరు. బాహ్లీకమనగా నేటి ఆఫ్గనిస్థానములోని బల్ఖు సీమ. నేటికిని ఇంగువ ముఖ్యముగా ఆ వైపునుండియే దిగుమతి యగుచున్నది. మన దేశమున దాని సాగుకై హిమాచల ప్రదేశములోని లాహౌల్ లోయలో మొక్క నాటినది 2020 అక్టోబరులోనే. అంతవరకు పులిహోర పరిమళమంతయు పరదేశపు సొత్తే!

పసుపు విషయము కొంత విస్తరించి చెప్పదగినది. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు, గాయములు మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై పేటెంటు లభించినది. భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలివారు మరుసటి సంవత్సరము దానిని ఎదిరించిరి. ఇది ఇచ్చట ప్రతి అవ్వకును తెలిసినదే యన్నంతమాత్రమున అచ్చటివారు వినరు. అచ్చుకాగితము చూపవలెను. మండలివారు ప్రాచీన గ్రంథములను, 1953లో భారత వైద్య సంఘ పత్రికలో వెలువడిన వ్యాసమును సాక్ష్యముగా చూపిన పిమ్మట 1997లో ఆ పేటెంటు రద్దయినది. బీరువాలలో పాత పుస్తకములు దుమ్ము పట్టుచున్నవని విసుగుకొనువారు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

అయితే పసుపు గెలిచినది గదా యని ప్రతి గాయమునను దానిని కూరుట తగదు. తెగిన చోట మొదట కావలసినది పరిశుభ్రమైన నీరు. మట్టియు ఇసుకయు పోవునట్లు ధారగా కడుగవలెను. రక్తము కారుచున్నచో ఉతికిన గుడ్డతో పది నిమిషములు విడువక అదిమి పట్టవలెను. ఆ పిమ్మట, పైపై గీరుకుపోయిన చిన్న గాయమైనచో, ఇంట కొమ్ము దంచిన పసుపు రాయవచ్చును. బజారున దొరకు పొడిలో మెరుగుకై సీసము కలిసిన పచ్చరంగును కలుపు దుర్మార్గులున్నారు. అట్టిది పుండుపై వేయుట కాదు, కూరలో వేయుటయు విషమే. లోతుగా దిగిన మేకునకు గాని, పేడమట్టి సోకిన గాయమునకు గాని ధనుర్వాతపు సూది వేయించుకొనక తప్పదు. ఆ పని పసుపు చేయలేదు.

లవంగము మాట వేరు. దానియందలి యూజినాలను తైలమును దంతవైద్యులు సైతము తాత్కాలికముగా పన్ను పూడ్చు మందులో వాడుదురు. రాత్రివేళ పిప్పిపన్ను సలుపుచున్నప్పుడు ఒక లవంగమును పంటి కింద మెల్లగా నొక్కి యుంచినచో నొప్పి తగ్గును. తెల్లవారిన పిమ్మట వైద్యునొద్దకు పోవచ్చును. లవంగతైలమును మాత్రము పసిబిడ్డల కందనీయరాదు. అది కడుపులోనికి పోయినచో కాలేయమునకు హాని కలుగును. కడుపుబ్బరమునకు వాము, ప్రయాణపు వికారమునకు శొంఠి అందరెరిగినవే.

మిరపకాయలు తొడిమలు తీయు స్త్రీలకు చేతులు భగ్గున మండును. చన్నీళ్లలో ఎంతసేపు ముంచినను ఆ మంట పోదు. ఏలయన మిరప కారము నీటిలో కరగదు, నూనెలో కరగును. చేతులకు వంటనూనె పట్టించి, ఆపై సబ్బుతో కడుగవలెను. నోరు మండినప్పుడు నీటికంటె పాలు, పెరుగు మేలగుటకును ఇదియే కారణము.

ఇక ఉప్పు. అది పోపులపెట్టెలో నుండదు, పక్క జాడీలో నుండును. అయినను ప్రాణములు నిలుపుటలో ఇవి యన్నియు దాని తరువాతివే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కిక్కిరిసిన బనగాఁవ్ శిబిరములో కలరా చెలరేగినది. నరములలోనికి ఎక్కించు సెలైను నిండుకొన్నది. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, తినేసోడా నీట కలిపి త్రాగించిరి. నూటికి ముప్పదిమంది వరకు చనిపోవుచున్నచోట మరణములు నూటికి నాలుగు లోపునకు దిగినవి. చక్కెర పేగులో ఉప్పును తనవెంట లోనికి గొనిపోవును. ఉప్పు వెంట నీరు పోవును. ఇంతే రహస్యము.

ఇంట చేయదలచినచో లీటరు కాచి చల్లార్చిన నీటికి, చిన్న చెంచాతో తలగొట్టి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు మించినచో శిశువులకు ప్రమాదము గనుక ఇచ్చట చేతి అంచనా పనికిరాదు. ఆరోగ్య కేంద్రమున లభించు పొట్లము దొరకినచో అదియే శ్రేష్ఠము. విరేచనములు పట్టిన బిడ్డకు నీరు ఇయ్యరాదను మాట ఇంకను అచ్చటచ్చట వినబడుచున్నది. ఆ మాట బిడ్డలను చంపును. బిడ్డ కన్నులు లోతునకు పోయినను, మూత్రము ఆగినను, మలమున రక్తము కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి గొనిపోవలెను.

వంటయింటి సరకులను దరిచేరనీయరాని ఆపదలును కలవు. కాలిన చోట ఇరువది నిమిషములు చల్లని నీటిధార పోయవలెను. పసుపు, పిండి, సిరా, ఏదియు పూయరాదు. ఏడాది నిండని శిశువునకు తేనె నాకించరాదు, శొంఠితోనైనను సరే.

పాము కరచినవానిచే మిరియాలు నమిలించి, కారము తెలిసినదా లేదా యని పరీక్షించు ఆచారము కొన్ని ఊళ్లలో నున్నది. కట్లపాము కాటున నొప్పియు వాపును అంతగా కనబడవు. కారము తెలిసినదని మంచముపై పండుకొనబెట్టిన మనిషికి తెల్లవారకమునుపే ఊపిరి ఆగవచ్చును. కరచిన అవయవమును కదలనీయక, 108కి కబురుచేసి, విషమునకు విరుగుడు సూది యున్న ఆసుపత్రికి చేర్చుటయే పరీక్షయు, చికిత్సయు.

నడివయస్సు దాటినవారికి రొమ్ము నడుమ బరువుగా పట్టి, చెమటలు పోసి, నొప్పి ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకినప్పుడు ఇంటివారు వాయువని వాము నమిలించి, సోడా త్రాగించి, గుండెలకు ఇంగువ రాయుచు కూర్చుందురు. త్రేనుపు వచ్చినచో తగ్గినదనుకొందురు. గుండెపోటున మూసుకొనిన రక్తనాళమును తెరచుటకు మందులు కలవు. అవి మొదటి గంటలలో పడినప్పుడే గుండె కండరము ఎక్కువగా దక్కును. కావున అట్టి నొప్పి రాత్రి రెండు గంటలకు వచ్చినను బండి కట్టించవలసినది అప్పుడే.