పాట ఆమెది, పరీక్ష ఎవరిది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధం, జాతీయత, స్త్రీలు అనే విషయం మీద మాట్లాడమన్నారు. నేనొక పాటల పోటీ గురించి చెబుతాను. 1956 నుంచి జరుగుతున్న యూరోవిజన్ పోటీలో దేశాల తరఫున పాటలు పోటీపడతాయి. ఉక్రెయిన్ 2003లో మొదటిసారి పాల్గొంది. 2004లో రుస్లానా, 2016లో జమాలా, 2022లో కలుష్ ఆర్కెస్ట్రా ఆ దేశానికి విజయం తెచ్చారు.

జమాలా క్రిమియా తాతార్ స్త్రీ. 1944 మే నెలలో స్టాలిన్ ప్రభుత్వం దాదాపు రెండు లక్షల మంది తాతార్లను క్రిమియా నుంచి రైలు పెట్టెల్లో కుక్కి మధ్య ఆసియాకు తరిమేసింది. మగవాళ్ళు అనేకులు సోవియట్ సైన్యంలోనే పోరాడుతున్నారు. రైళ్ళలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్ళు. జమాలా ముత్తవ్వ తన కూతుర్ని ఆ ప్రయాణంలోనే పోగొట్టుకుంది. '1944' అన్న పాట ఆ దుఃఖంలోంచి వచ్చింది.

పోటీ నియమాల ప్రకారం రాజకీయ గీతాలకు చోటులేదు. 2014లో క్రిమియాను ఆక్రమించిన రష్యా నుంచి అభ్యంతరాలు వచ్చాయి. నిర్వాహకులు మాత్రం ఇందులో రాజకీయం లేదని తేల్చారు. వ్యక్తిగతమైనది కూడా రాజకీయమేనని మనం ఏళ్ళ తరబడి చెబుతున్నాం. ఇక్కడ ఒక జాతి నిర్వాసిత చరిత్ర కుటుంబ దుఃఖంగా కనిపించినందువల్లే వేదిక ఎక్కగలిగింది.

గెలుపు తర్వాత 2017లో పోటీ కీవ్‌లో జరిగింది. వైవిధ్యాన్ని వేడుక చేసుకుందామన్నది నినాదం. వ్యాఖ్యాతలు ముగ్గురూ మగవాళ్ళే! రష్యా పంపదలచిన యూలియా సమోయ్‌లోవా చిన్నప్పటినుంచి చక్రాల కుర్చీలో ఉన్న గాయని. 2015లో క్రిమియాలో పాడిందన్న కారణంతో ఆమెను ఉక్రెయిన్ దేశంలోకి రానివ్వలేదు. రెండు రాజ్యాల పంతం మధ్య చిక్కుకున్నది ఒక స్త్రీ.

2019లో జాతీయ ఎంపికలో గెలిచిన మారూవ్‌ను, న్యాయనిర్ణేతగా కూర్చున్న జమాలాయే, క్రిమియా ఉక్రెయిన్‌దేనా అని అడిగింది. అవునని మారూవ్ జవాబు చెప్పింది. అయినా రష్యాలో కచేరీల విషయంలోనూ, కాంట్రాక్టు షరతుల విషయంలోనూ ప్రసార సంస్థతో ఆమెకు పొసగలేదు. తర్వాతి స్థానాల వాళ్ళు కూడా వెళ్ళమన్నారు. ఆ ఏడాది ఉక్రెయిన్ పోటీకే వెళ్ళలేదు. 2022లో ఎంపికైన అలీనా పాష్ కూడా పాత క్రిమియా ప్రయాణం మీద రేగిన వివాదంతో తప్పుకుంది. ఆమె స్థానంలో వెళ్ళిన కలుష్ ఆర్కెస్ట్రా, గాయకుడు తన తల్లికోసం రాసిన 'స్తెఫానియా' పాటతో గెలిచింది. యుద్ధానికి ముందే రాసిన ఆ పాటలోని తల్లి, యుద్ధం వచ్చాక దేశమాత అయింది.

ఆక్రమణకు గురైన దేశాన్ని, ఆక్రమించిన దేశాన్ని ఒకే గాటన కట్టమని నేను అనడంలేదు. ఉక్రెయిన్ ప్రజల భయం నిజమైనది. కానీ గాయపడిన జాతి కూడా స్త్రీని తల్లిగా సులభంగా అంగీకరిస్తుంది. తన బతుకుతెరువు తాను చూసుకునే కళాకారిణిగా అంగీకరించడానికి పరీక్ష పెడుతుంది. ఒకప్పుడు తన జాతి బాధను వినిపించిన స్త్రీయే ఇంకొక స్త్రీని ప్రశ్నించే స్థానంలో కూర్చోవలసి రావడం ఆ పరీక్షకున్న బలం.

మన ఉద్యమాల్లోనూ పాటకు పెద్ద చోటుంది. బాధితురాలిని వేదిక మీదికి పిలిచేటప్పుడు మనం ఆమె కథను మాత్రమే పిలుస్తున్నామా, ఆమె భిన్నాభిప్రాయాన్ని కూడా పిలుస్తున్నామా? దీనిమీద చర్చ జరగాలని కోరుకుంటున్నాను.