చేతి గీతయు, కదలు బొమ్మయు
(రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరివారికి అక్షరమును అందించుచున్నది. అక్షరమునకు తోబుట్టువు బొమ్మ. చదువురానివానికి కథ చెప్పునది బొమ్మయే. చదువు వచ్చినవాని మనస్సున కథను నిలుపునదియు బొమ్మయే. నేడు ఆ బొమ్మ కాగితమును విడిచి కంప్యూటరు తెరపైకి ఎక్కినది. ఎక్కి, కదలుటయు మాటలాడుటయు నేర్చినది. పల్లెలలోని పిల్లలు పలువురు ఆ విద్యను నేర్వగోరుచున్నారు. తలిదండ్రులు ఎకరమో అరయెకరమో తాకట్టుపెట్టి వారిని పట్టణమునకు పంపుటకు సిద్ధపడుచున్నారు. కావున ఆ విద్య యెట్టిది, దానికి మూలమేది, వ్యయమెంత అవసరము అని విచారించుట ఈ సభకు తగిన పనియే.

మొదట లెక్క చూడవలెను. తెరపై సెకండునకు 24 పటములు నడచును. ఒక్కొక్క బొమ్మను రెండేసి పటములకు నిలిపినను సెకండునకు 12 బొమ్మలు వలయును. నిమిషమునకు 720, పది నిమిషముల కథకు 7,200. పూర్వము వీనినన్నిటిని చేతితో గీసి, పారదర్శకమైన రేకులపైకి ఎక్కించి, రంగులు వేసి, ఒక్కొక్కదానిని ఛాయాచిత్రము తీయుచుండిరి. ఫిలింస్ డివిజన్ వారు 1957లో వెలువరించిన 'బ్యాన్యన్ డీర్' అను జాతక కథాచిత్రము ఆ కాలమునాటిది. నేడు రేకులకు మారుగా కంప్యూటరున పొరలున్నవి. ఒత్తిడిని గ్రహించు కలముతో పలకపై గీసినచో, గీత బలముగానో సన్నముగానో తెరపై పడును. వెనుకటి బొమ్మ మసకగా కనబడుచుండగా దానిపై తరువాతి బొమ్మను గీయవచ్చును. తప్పిన గీతను క్షణములో తుడిచివేయవచ్చును. శ్రమ తగ్గినమాట నిజము. కాని ఏ భంగిమ వెనుక ఏ భంగిమ రావలెనో, ఎచ్చట ఆగవలెనో, ఎచ్చట వేగపడవలెనో నిర్ణయింపవలసినది గీయువాని బుద్ధియే.

పూర్వులు ఈ మర్మమును ఎరుగుదురు. విష్ణుధర్మోత్తర పురాణమున వజ్రమహారాజు ప్రతిమాలక్షణమును అడుగగా, దానికి ముందు చిత్రసూత్రము తెలియవలెననియు, చిత్రసూత్రము బోధపడుటకు నృత్తశాస్త్రము తెలియవలెననియు మార్కండేయ మహాముని సెలవిచ్చెను. నిలిచియుండు బొమ్మకే నృత్తజ్ఞానము అవసరమైనచో, కదలు బొమ్మ సంగతి చెప్పనేల?

ఆ నృత్తమునకు శ్రీకాకుళ, విజయనగర సీమలలో కరవు లేదు. తప్పెటగుళ్ళవారు రొమ్మున తప్పెటలు కట్టుకొని ఎగిరి దరువు వేయునప్పుడు మోకాలు ముందు వంగునా, మడమ ముందు లేచునా? కళింగపట్నపు ఒడ్డున వల విసరువాని నడుము ఏ వైపునకు తిరుగును? ఊడ్పుమడిలో వంగిన స్త్రీ లేచునప్పుడు ఏ చేయి నడుమునకు చేరును? వీనిని చూచి, గీసి, మరల చూచి దిద్దుకొన్నవాడు బొమ్మకు ప్రాణము పోయగలడు. సీతంపేట మన్యమున సవరలు ఎర్రమట్టి గోడలపై బియ్యపు పిండితో వేయు చిన్ని మనుష్యులు నాలుగైదు గీతలలోనే ఆడుచు పాడుచు కనబడుదురు. గీతలు పెరిగినంతనే జీవము పెరుగదనుటకు ఆ గోడలే సాక్ష్యము.

వడ్డాది పాపయ్యగారు 1921లో శ్రీకాకుళమున జన్మించిరి. తండ్రి రామమూర్తిగారు డ్రాయింగు మాష్టారు, ఆయనయే తొలిగురువు. 'వపా' అను చిన్న సంతకముతో 'చందమామ', 'యువ' పత్రికలలో ఆయన వేసిన బొమ్మలను చూడని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. 1992లో గతించువరకు ఆయన చేత నున్నవి కుంచెయు రంగులును మాత్రమే. ఈ సీమనుండి అంతటి చిత్రకారుడు వెలసెననగా, లోపము ప్రతిభయందు లేదు. అభ్యాసమునకు చోటు చూపుటయందే యున్నది.

ఇక వ్యయము మాట. పనిముట్లు ఖరీదైనవనుట సగము సత్యము. బ్లెండర్, క్రిటా, ఇంక్‌స్కేప్ అను సాధనములు ఎల్లరకు ఉచితముగా లభించును. లాట్వియా అను చిన్న దేశపు యువకుడు గింట్స్ జిల్‌బలోడిస్ 2019లో 'అవే' అను పూర్తినిడివి చిత్రమును ఒంటరిగా నిర్మించెను. పిమ్మట కొలదిమంది సహాయముతో బ్లెండరు మూలమున చేసిన 'ఫ్లో' చిత్రమునకు 2025లో ఆస్కారు బహుమానము లభించెను. తెలుగునాటను ఈ పనికి చోటున్నది. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థవారి 'ఛోటా భీమ్' 2008లో బయలుదేరి దేశమంతటి పిల్లలకు చేరువయ్యెను. ఆ నగరముననే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయమున యానిమేషన్ పట్టపు చదువున్నది.

అయినను ఒక భయమును దాచరాదు. మాటలు చెప్పినంతనే బొమ్మ గీసి యిచ్చు యంత్రములు నేడు వచ్చినవి. రెండు భంగిమల నడుమ బొమ్మలను నింపుటయే వృత్తిగా గలవారి జీవనమునకు వానివలన చిక్కు కలుగవచ్చును. సాధనము నొక్కుట మాత్రమే నేర్చినవాడు సాధనము మారిననాడు నిలువలేడు. చూచుట, తలపోయుట, కథ నల్లుట నేర్చినవానికి కొత్త సాధనము మరియొక కుంచె మాత్రమే.

కావున తలిదండ్రులు భూమి కాగితములు బయటికి తీయకముందు పిల్లవాని చేతికి పెన్సిలు నిచ్చి, ఒక యేడాది దినమునకు ఒక పుట చొప్పున గీయనిండు. 365 పుటలు నిండిన పిమ్మట వాని పట్టుదలయెంతో ఇంటివారికే తెలియును. ఉద్యోగము తప్పదని వాగ్దానము చేయు శిక్షణాలయమునకు సొమ్ము కట్టుటకు ముందు, అచ్చట చదివినవారు ఏమి చేయుచున్నారో విచారింపవలెను. అప్పు పత్రము వ్రాయుట ఒక గడియ పని. తీర్చుట ఒక తరము పని.

గ్రంథాలయమువారు ఒక మూల నొక బల్ల, ఒక కంప్యూటరు, ఒక గీతల పలక, కొన్ని చిత్రలేఖన గ్రంథములు ఏర్పరచి, సాయంకాలము ఒక గంట బాలబాలికల కిచ్చుట ఈ రజతోత్సవమునకు తగిన స్మారకము. చందాదారులు తలకొంచెము వేసికొన్నచో అది అసాధ్యము కాదు. స్వర్ణోత్సవమునాటికి ఈ ఊరి కథ ఈ ఊరి పిల్లల గీతలో కదలును గాక.