బడికప్పునకు యజమాని యెవరు?

(ఒక గ్రంథాలయ వార్షికోత్సవసభలో చేసిన యుపన్యాసము)



నేను వృత్తిచే న్యాయవాదిని. పొలముగట్టు తగాదాలతో నా యొద్దకు వచ్చువారు పెక్కురు. గత వర్షకాలమున నొక గ్రామమువారు బడికప్పు తగాదాతో వచ్చిరి. కప్పు కారుచున్నదనియు, పెచ్చూడి యొక బాలుని భుజముపై బడినదనియు, ప్రభుత్వముపై వ్యాజ్యము వేయవలయుననియు వారు కోరిరి.

వ్యాజ్యమునకు ముందు స్థలము చూడవలయును గదా! వెళ్లి, నిచ్చెన వేయించి కప్పెక్కితిని. నీరు పోవు తూము వేపాకులతో పూడియున్నది. పిట్టగోడ మూలను రావిమొక్క మొలిచి, దాని వేరు పగులులోనికి దిగినది. నిలిచిన నీరు కాంక్రీటులోని కింకి యినుపచువ్వలను తుప్పు పట్టించినది. తుప్పుపట్టిన యినుము ఉబ్బును. ఉబ్బిన యినుము పెచ్చును త్రోయును. ఆకు తీయుటకు కాసు ఖర్చు లేదు. తీయనందున నేడు వేల రూపాయలు కావలసివచ్చినది.

పిమ్మట పాఠశాల యాజమాన్య సంఘములో సభ్యురాలైన యొక కూలితల్లిని ప్రశ్నించితిని. "సంతకం పెట్టమన్నారు, పెట్టాను బాబూ. డబ్బెంత వచ్చిందో అడగొచ్చని నాకెవరు చెప్పారు?" అని యామె యన్నది. చదువుకొన్నవారమైన మనము సిగ్గుపడవలసిన మాట యిది.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము ఆ సంఘములో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను. సగము మంది స్త్రీలు కావలెను. నిధుల వినియోగమును పరిశీలించు నధికారము వారిది. పాఠశాలాభివృద్ధి ప్రణాళికను వ్రాయవలసినవారును వారే. 2018లో నారంభమైన సమగ్ర శిక్షా పథకములో చిన్న పాఠశాలలకు సైతము ఏటేట కొంత నిధి నిర్ణయింపబడినది. అట్టి ధనమునకు లెక్క యడుగుట ధిక్కారము కాదు, ధర్మము.

"పన్నులు కట్టుచున్నాము, మరల పనియు మేమే చేయవలయునా?" యని కొందరందురు. న్యాయమైన ప్రశ్నయే. దూలము, చువ్వ, పునాది సర్కారు బాధ్యత. వానికై కూలివారినుండి చందా వసూలుచేయుట యన్యాయము. కాని పగులును మొదట చూడగలవాడు రాజధానిలోని యధికారి కాదు, గ్రామములోని మనుష్యుడు. 2025 జూలై 25న రాజస్థానములోని పిప్లోదీ గ్రామమున బడికప్పు కూలి యేడుగురు బిడ్డలు మరణించిరి. చూచుట, వ్రాయుట, వెంటబడుట యను మూడు పనులలో నేది లోపించినను బిడ్డల ప్రాణములకే ముప్పు.

మన ప్రాంతమున 2019లో "నాడు–నేడు", తెలంగాణములో 2022లో "మన ఊరు–మన బడి" యను పేర్లతో బడులను బాగుచేయు కార్యక్రమము లారంభమైనవి. కట్టుట యుత్సవము, కాపాడుట నిత్యవ్రతము. రోహిణికార్తెలో రైతు తన యింటికప్పును సవరించుకొనును. ఆ దినములలోనే బడికప్పును కూడ ఎక్కి చూడుడు. తూములు తీయుడు. మొక్కలను వేరుతో పెకలింపుడు. పగులు కనబడిన గదికి తాళము వేసి, ఛాయాచిత్రముతో తీర్మానము పంపి, రసీదు తీసికొనుడు.

ఆ గ్రామమువారు అట్లే చేసిరి. ఇంజనీరు వచ్చి అంచనా వ్రాసికొని వెళ్లెను. పని యింకను కాలేదు. తొలకరిలోపల కానిచో ఆ వ్యాజ్యమును ఫీజు లేకయే నేను దాఖలు చేసెదను. అందు మొదటి సంతకము ఆ కూలితల్లిదే. ఈసారి యామె చదివించుకొని, తెలిసికొనియే పెట్టును.